ఆస్టినాబాద్ ఇంట్లో నాలుగు అద్దాలు

ఇరవై తొమ్మిదేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఇళ్ల కిటికీలకు పట్టిన మసక వదిలించే పని చేశాను. పగిలిన అద్దం మార్చడం, కొత్తది బిగించడం కూడా వచ్చు గానీ నన్ను పేరుపెట్టి పిలిచేది మసక కోసమే. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మానేశాను. మా అద్దాల దుకాణంలో ఈమధ్య ఇద్దరు ఆడపిల్లలు చేరారు. ఇద్దరూ తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. అయినా ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లెవరిచేతనైనా చదివించుకుని వింటే చాలు.

మా నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి ఫీనిక్స్ బే జెట్టీలో సామాన్లు మోశాడు. నేను ఇక్కడే పుట్టాను. పేరు నూకరత్నం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఎంత సంపాదించాను, ఎన్ని ఇళ్లు చేశాను అన్నవి ఇందులో ఉండవు. ఈ పనిలో నాకు బాగా గుర్తున్నది భయం. నిచ్చెన ఎక్కే భయం నెల తిరిగేసరికి పోయింది. పరాయి ఇంట్లో పరాయివాళ్ల వస్తువు మన చేతిలో పాడైతే ఏం చెప్పాలన్న భయం మాత్రం చివరిరోజు దాకా ఉంది. అది చాలా తప్పులు చేయించింది. వాటిలో రెండు చెబుతాను.

ఏ మసక ఎలా పోతుంది

ముందు పని సంగతి. సముద్రపు గాలికి అద్దం మీద పట్టేది ఉప్పు. మంచినీళ్లతో కడిగితే పోతుంది, దానికి మనల్ని పిలవక్కర్లేదు. బావినీళ్లో బోరు నీళ్లో పడి ఎండితే పట్టేది సున్నం. ట్యాంకు పొంగి కిటికీల మీదుగా కారే ఇళ్లలో అది ఏళ్ల తరబడి పేరుకుని, అద్దం మీద పాలు ఒలికినట్టు ఉంటుంది. ఇక అల్యూమినియం చట్రాలు ఉప్పుగాలికి తెల్లపొడి వదులుతాయి. వానకి ఆ పొడి జారి అద్దం అంచులకు పట్టుకుంటుంది.

సున్నానికి వెనిగరు. గుడ్డ తడిపి అద్దానికి అంటించి పది నిమిషాలు వదిలెయ్యాలి. రుద్దకూడదు. మెత్తబడ్డాక తనే ఊడి వస్తుంది. మొండిదైతే రెండోసారి, మూడోసారి. చట్రానికి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు, సన్నటి స్టీలు పీచు, ఆఖర్న పల్చగా మైనం. విద్య ఇంతే, మిగతాదంతా ఓపిక.

ఇంకో రకం ఉంది. అది అద్దం మీద ఉండదు, అద్దంలోనే ఉంటుంది. పైపొర తినేసిపోయిన అద్దం తడిగా ఉన్నంతసేపూ తళతళలాడుతుంది, ఆరగానే తెల్లబడుతుంది. దానికి మందు లేదు. అద్దం మార్చుకోమని ఇంటివాళ్లకి ముందే చెప్పాలి. చెప్పకుండా రోజంతా రుద్ది, ఇంకా తడిగా ఉండగానే వచ్చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లతో పని చెయ్యకండి.

దాదా, బ్లేడు

నాకు పని నేర్పింది బిశ్వాస్ దాదా. బెంగాలు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, అద్దాల దుకాణం. దాదా అద్దం కోస్తుంటే నిలబడి చూడాలనిపించేది. ఒక్క గీత, ఒక్క తట్టు, అద్దం రెండుగా విడిపోయేది. అంత పనిమంతుడి నోట్లో ‘కాదు’ అన్న మాట మాత్రం లేదు. ఎవరేం అడిగినా “హో జాయేగా”, అయిపోతుంది, అనేవాడు. పార్టీకి, అంటే పని ఇచ్చేవాళ్లకి, ఎప్పుడూ లేదనకూడదని నాకూ అదే నేర్పాడు. ఆయన నేర్పినవాటిలో అదొక్కటే పనికిరానిది. దాన్నే నేను అందరికంటే బాగా నేర్చుకున్నాను.

చేరిన రెండో ఏడు, ఒక ఇంజనీరుగారి క్వార్టర్స్‌లో సున్నం వేసినవాళ్లు అద్దాల నిండా చుక్కలు చిందించారు. తడపడానికి బద్ధకించి పొడి అద్దం మీదే బ్లేడు పెట్టాను. చుక్కల్లో ఇసుక ఉంది. మధ్యాహ్నపు ఎండ పడ్డప్పుడు చూస్తే అద్దమంతా వెంట్రుకల్లాంటి గీతలు. పరదా లాగేసి, అమ్మగారితో అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగోరోజు కబురొచ్చింది. “పురానా హై బోల్ దే” అన్నాడు దాదా. పాతవేనని చెప్పమని. వెళ్లి అలాగే చెప్పాను. ఆవిడ నమ్మింది. నమ్మి, ఇంట్లో గిన్నెలు తోమే మనిషి పీచుతో తుడిచి ఉంటుందని దాన్ని పనిలోంచి తీసేసింది. ఆ మనిషి నాకు రెండుసార్లు బజార్లో ఎదురైంది. రెండుసార్లూ నేను పక్క దుకాణంలోకి తప్పుకున్నాను. ఇప్పుడామె ఎక్కడుందో తెలియదు. ఈ తప్పుని నేను సరిదిద్దలేదు. అందుకే ముందు దీన్ని రాశాను.

కామేశ్వరి టీచరుగారు

రెండోది జరిగేనాటికి నాకు ముప్పై దాటాయి. మా ఆయన దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేసేవాడు, వారానికి నాలుగు రోజులు సముద్రం మీదే.

ఆస్టినాబాద్‌లో కామేశ్వరి టీచరుగారి ఇల్లు. లెక్కల టీచరు. సర్వీసు ఇంకా రెండేళ్లుంది. భర్త పోయాక ఒక్కతే ఉండేవారు. చెల్లెలు సత్యవతిగారు ఊరికి ఆ చివర, ఒక ఆఫీసులో గుమాస్తా. ఊళ్లో సగం తెలుగు ఇళ్లలో పిల్లలు టీచరుగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. ఆవిడ ఒక మాటంటే అది తెలుగువాళ్లందరి మాట.

ఇంట్లో తొమ్మిది అద్దాలు. ముందుగదిలో నాలుగు, లోపలి గదుల్లో ఐదు. ట్యాంకు నీళ్లు కారి అన్నిటికీ సున్నం పట్టింది. పెద్ద కష్టమైన పని కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెనిగరు పెట్టి తీసేశాను. రెండు రోజులకి దాదా పిలిచాడు.

“రత్నా, టీచర్ దీదీ బోలీ సాఫ్ నహీ హువా. ఫిర్ జా.”

శుభ్రం కాలేదన్నారంటే మళ్లీ వెళ్లాను. అంచుల్లో కొద్దిగా ఉంటే అదీ తీశాను. పొడిగుడ్డతో తుడిచి వెనక్కి జరిగి చూస్తే అద్దం ఉన్నట్టే తెలియడం లేదు, అవతలి కొబ్బరిచెట్లు మట్టలు లెక్కపెట్టేంత బాగా కనిపిస్తున్నాయి. టీచరుగారు దగ్గరికొచ్చి, తల అటూ ఇటూ వంచి చూశారు.

“లేదే రత్నం. అలాగే ఉంది. మంచు పట్టినట్టు.”

“ఎక్కడ టీచరమ్మా?”

“అంతటానూ.” చెయ్యి చాపి నాలుగు వేళ్లతో అద్దం తడిమారు. “తగలడానికి నున్నగానే ఉంది. కనపడ్డానికి మాత్రం మసకే.”

నాకు అప్పుడే తెలియాలి. తెలిసింది కూడా. నాకు టీ ఇచ్చినప్పుడు గ్లాసు నిండినా ఆవిడ పోస్తూనే ఉన్నారు, టీ సాసరులోకి పొంగింది. గోడ మీద క్యాలెండరు చూడ్డానికి ముఖం దానికి ఆనించారు. ఇవన్నీ చూసి ఊరుకున్నాను. ఎలా చెప్పను? అంత పెద్ద టీచరుగారితో, అద్దాలు తుడిచే నేను, అద్దం బాగానే ఉందండీ మీ కళ్లే బాగాలేవని ఎలా అనను? కోపం వస్తే? రత్నానికి పని రాదని నాలుగిళ్లలో అంటే? ఇదంతా ఆలోచించి నా నోరు అన్న మాట ఒక్కటే.

“ఇంకో మందు తెస్తాను టీచరమ్మా. పోతుంది.”

లేబుల్ లేని డబ్బా

దాదాకి చెప్పాను, అద్దం శుభ్రంగానే ఉందని. “తో క్యా బోలూఁ? పార్టీ బోల్తా హై సాఫ్ నహీ, తో నహీ” అన్నాడు. పార్టీ శుభ్రం కాలేదంటే కాలేదనేనట. బల్ల కిందనుంచి ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీశాడు. లేబుల్ ఎవరో చింపేశారు. రేవు దగ్గర ఒక వర్క్‌షాపువాడు ఇచ్చాడట.

“ఇందులో ఏముంది దాదా?”

“ఎలుమినియమ్ చమకతా హై ఇస్‌సే. ఏక్ బార్ లగా దే, బస్.”

అల్యూమినియం మెరిపించే మందు అద్దం మీద ఏం చేస్తుందని నేను అడగలేదు. ఒక మూల చుక్క వేసి చూడలేదు. పిల్లలూ, కొత్త మందు ఏదైనా సరే, ఒక మూల గోరంత మేర వేసి, కడిగి, ఆరేదాకా ఆగి చూడకుండా పెద్ద అద్దం మీద పెట్టకండి. పేరు తెలియని మందు అసలు ముట్టుకోకండి.

ఆ రోజు సెలవు, టీచరుగారు ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్న పది దాటింది, సన్నగా వాన. గిన్నెలు తోమే పల్చటి రబ్బరు తొడుగులు వేసుకుని ముందుగది నాలుగు అద్దాలకీ ఆ మందు పట్టించాను. ఘాటు పెద్దగా లేదు. చెయ్యి చురుక్కుమనలేదు. అందుకే అది పనికిమాలిన మందేమో అనుకున్నాను. కాసేపాగి తడిగుడ్డతో తుడిచాను. అద్దాలు తడిగా తళతళలాడుతున్నాయి.

టీచరుగారు వచ్చారు. నేను వద్దనేలోపే అలవాటుగా చెయ్యి చాపి అద్దం తడిమారు. కిందికి జరిపి కిటికీ జారే గాడిలో కూడా వేళ్లు పెట్టి చూశారు. ఆ గాడిలో మందు నిలిచి ఉంది.

“చెయ్యి కడుక్కోండి టీచరమ్మా, మందు.”

“ఏం మంట లేదే” అన్నారు. చీర కొంగుకి వేళ్లు తుడుచుకున్నారు. “ఈసారి కాస్త నయంగానే ఉన్నట్టుందే రత్నం.”

ఆవిడ నయమన్నది ఒక్కటే నాకు వినబడింది. ఎగిరి గంతేసి ఇంటికొచ్చేశాను. మిగతా ఐదు అద్దాలు రేపు చేస్తానని చెప్పాను.

నొప్పి

మధ్యాహ్నం మూడప్పుడు ఫీనిక్స్ బే దగ్గర మా ఇంట్లో కూరగాయలు తరుగుతున్నాను. కుడిచేతి చూపుడువేలు గోరు కింద గుచ్చినట్టయింది. గాజుముక్క దిగిందేమోనని వెలుగులో చూసుకున్నాను. ఏమీ లేదు. ఎర్రబడలేదు, వాచలేదు. కాసేపటికి ఆ గుచ్చడం పోటుగా మారింది. ఎముకని లోపలినుంచి ఎవరో సూదితో తొలుస్తున్నట్టుంది. నీళ్లలో పెట్టాను. కొబ్బరినూనె రాశాను. తగ్గలేదు, పెరిగింది. నాలుగయ్యేసరికి గోరు చుట్టూ చర్మం ఉడికిన బియ్యంలా తెల్లబడింది. తొడుగులు తీసి చూస్తే చూపుడువేలి కొసన సూది పట్టేంత రంధ్రం.

ఒక చుక్క. ఆ రంధ్రంలోంచి ఒక చుక్క పోయి ఉంటుంది. ఒక చుక్కకే ఇలా ఉందే అనుకోగానే టీచరుగారి నాలుగు వేళ్లు నా కళ్లముందు నిలిచాయి.

నిజం రాస్తాను. నేను వెంటనే లేవలేదు. ఆవిడకి ఏమీ కాలేదేమో, వెళ్తే లేనిపోని గొడవేమో అని కూర్చున్నాను. ఆవిడ ఒక్కతే ఉంటుందని గుర్తొచ్చింది. బస్టాపుకి పరిగెత్తాను.

ఆ బస్సు ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ప్రతి స్టాపులో ఆగింది. చేతిని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నొప్పి మోచేతి దాకా పాకుతుంటే పళ్లు బిగించి కూర్చున్నాను. పక్కావిడ “క్యా హువా దీదీ, బుఖార్ హై క్యా?” అని అడిగింది. జ్వరమేనని తల ఊపాను. వెళ్లేసరికి ఆవిడ పడిపోయి ఉంటుందనీ, తలుపు పగలగొట్టాలనీ, పోలీసులు వస్తారనీ ఏవేవో అనుకున్నాను.

తలుపు కొట్టాను. లోపల అడుగుల చప్పుడు వినబడింది. గడియ మాత్రం తియ్యడంలేదు.

“టీచరమ్మా, నేనే, రత్నాన్ని!”

“తీస్తున్నానే... గడియ దొరకట్లేదు... ఉండు...”

తలుపు తెరుచుకుంది. టీచరుగారి కుడిచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. గదిలో బకెట్టు ఉంది. ముఖం పాలిపోయింది.

“ఏం పెట్టావే ఆ అద్దాలకి? వేళ్లు తెగిపోతున్నాయి.”

“నాకు తెలీదు టీచరమ్మా” అన్నాను. ఆ ఇంట్లో నేనన్న మొదటి నిజం అదే.

పెద్దాసుపత్రి

పక్కింటాయన టాక్సీ పిలిచాడు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ, మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన మనిషి. వేళ్లు చూసి, “ఊపర్ సే తో కుఛ్ ఖాస్ నహీ హై. లగా క్యా?” అని అడిగింది. పైకి ఏమంత లేదే, ఏం తగిలిందని. అద్దాలు తుడిచే మందన్నాను. పేరేంటంది. తెలియదన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకి నేలలోకి దిగిపోవాలనిపించింది.

“డబ్బా మంగావో. అభీ.”

డబ్బా వెంటనే తెప్పించమంటే ఆసుపత్రి ఫోను నుంచి దుకాణానికి చేశాను. దాదా ఎత్తాడు. సంగతి విని గొంతు తగ్గించాడు. “రత్నా, బాత్‌రూమ్ కా ఎసిడ్ బోల్ దే. లఫ్‌డా హో జాయేగా.”

గొడవవుతుంది, బాత్‌రూమ్ కడిగే మామూలు యాసిడ్ అని చెప్పమంటున్నాడు. పన్నెండేళ్లు ఆయన చెప్పిందే చేశాను. ఆ నిమిషంలో కూడా చేసేదాన్నేమో. నా వెనక బల్ల మీద టీచరుగారు పళ్ల మధ్య చీర కొంగు పెట్టుకుని మూలుగుతున్నారు.

“దాదా, ఝూఠ్ బోలూఁగీ తో యే గలత్ దవా దేంగే. తప్పు మందు వేస్తే వేళ్లు పోతాయి. డబ్బా తీసుకుని రా. వర్క్‌షాపువాణ్ణి అడిగి రా. నువ్వు రాకపోతే నేనే అందరికీ చెబుతాను.”

దాదా వచ్చాడు. అరగంట పట్టింది. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని, డబ్బా సంచిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వర్క్‌షాపువాడు చెప్పిన మాటని దారంతా మరచిపోకుండా జపం చేసుకుంటూ వచ్చాడట. “ఫ్లోరైడ్ బోలా, డాక్టర్ సాహబ్. కుఛ్ ఫ్లోరైడ్‌వాలా ఎసిడ్.”

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. అంతదాకా విసుగ్గా ఉన్న మనిషి లేచి నిలబడింది. ఎవరికో ఫోను చేసింది, లావుపాటి పుస్తకం తెరిచింది. తర్వాత కాల్షియం ఇంజెక్షన్ సీసాలు విరిచి జెల్లీలో కలిపి, ఆపరేషన్ తొడుగుల్లో పోసి, టీచరుగారి చెయ్యి ఒకదానిలో, నా చెయ్యి ఒకదానిలో పెట్టించింది. ఈ యాసిడ్ పైన కాల్చదనీ, లోపలికి దిగి ఎముకలో కాల్షియాన్ని పట్టుకుంటుందనీ, ఎక్కువ తగిలితే గుండె ఆగిపోతుందనీ చెప్పింది. నొప్పి తగ్గితే మందు అందినట్టు, తగ్గకపోతే అందనట్టు. మాకు అదొక్కటే కొలత అంది.

మేమిద్దరం పక్కపక్క మంచాల మీద నొప్పి తగ్గుతుందా అని ఎదురుచూశాం. ఛాతీకి తీగలు అంటించారు. “తగ్గిందా రత్నం?” అని ఆవిడ, “తగ్గిందా టీచరమ్మా?” అని నేను. ముందు ఆవిడకి తగ్గింది. నాకు వేలిలోకి ఇంజెక్షన్లు కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఆ వేలి కొస ఇవాళ్టికీ మొద్దే, గోరు వంకరగా వచ్చింది. టీచరుగారి వేళ్లకి బొబ్బలెక్కి, నెల తిరక్కుండా మానిపోయాయి.

మర్నాడు డాక్టరమ్మ టీచరుగారి చెయ్యి చూస్తూ, వేళ్లు ఆడించి చూపించమంది. తన వేళ్లు ఎత్తి ఇలా అని చూపించింది. టీచరుగారు కదల్లేదు. డాక్టరమ్మ తన చెయ్యి ఆవిడ ముఖం ముందు అటూ ఇటూ తిప్పింది. టార్చి తీసి కళ్లలోకి వేసింది.

“మేడమ్, ఆప్ కో కబ్ సే నహీ దిఖ్ రహా?”

ఎప్పటినుంచి కనబడటం లేదని. టీచరుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు కళ్లలోనూ ముదిరిన శుక్లాలు.

కట్టు విప్పాక

ఆవిడ ఆసుపత్రిలో ఉండగా నేను తాళం తీసుకుని ఇల్లు చూడబోయాను. ముందుగది నాలుగు అద్దాలూ ఆరిపోయి ఉన్నాయి. తెల్లగా, గరుగ్గా, పొగ గడ్డకట్టినట్టు. ఆ యాసిడ్ అద్దాన్నే తినేసింది. వెనిగరు పెట్టాను, నీళ్లు పెట్టాను, తడిగా ఉన్నంతసేపూ మెరిసి మళ్లీ తెల్లబడ్డాయి. లేని మసకని పోగొట్టబోయి నేను ఉన్న అద్దాలని గుడ్డివి చేశాను.

టీచరుగారికి కళ్ల ఆపరేషన్ అని తెలిసిననాటినుంచి నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆవిడకి చూపు రావాలని మొక్కుకున్నాను. వస్తే ముందు ఇవే చూస్తారు. ముందుగానే మార్చేద్దామా అనుకున్నాను. మార్చేస్తే ఆవిడకి ఎప్పటికీ తెలియదు. దాదా కూడా అదే అన్నాడు. రెండుసార్లు అద్దాలు కోయించి, రెండుసార్లూ తీసుకెళ్లకుండా ఆగాను. ఎందుకాగానో సరిగ్గా చెప్పలేను. ఇంకోసారి పరదా లాగేసి వచ్చే ఓపిక లేదనుకుంటాను.

కట్టు విప్పి, నల్లకళ్లజోడుతో ఇంటికి తెచ్చిననాడు నేనూ వెళ్లాను. గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి నన్ను చూశారు.

“నువ్వేనా రత్నం? ఇంత చిన్నదానివా! ఏభై ఏళ్లుంటాయనుకున్నానే.”

నవ్వలేకపోయాను. ఆవిడ లోపలి గదుల్లోకి వెళ్లారు. ఐదు కిటికీల దగ్గరా ఆగి ఆగి చూశారు.

“ఇవెప్పుడు తుడిచావే?”

“రెండోసారి వచ్చినప్పుడు.”

“అప్పటికే ఇలా ఉన్నాయా?”

“ఆఁ.”

ముందుగదిలోకొచ్చారు. తెల్లబడ్డ అద్దాన్ని గోటితో గీరి చూశారు.

“ఇవీ అలాగే ఉండేవి టీచరమ్మా. నేనే పాడుచేశాను. ఆ మందు తినేసింది.”

“మరి రెండోసారే చెప్పొచ్చుగా, అద్దం బాగానే ఉందని?”

“భయమేసింది. మీతో అలా ఎలా అంటాను?”

ఆవిడ కుర్చీ తడుముకోకుండా నేరుగా వెళ్లి కూర్చున్నారు.

“నాకు తెలుసే. మా అమ్మకి ఇలాగే మొదలైంది. ఆఖరికి గోడలు పట్టుకుని తిరిగింది. బోర్డు మీద నేను రాసిన లెక్క నాకే కనబడక, పిల్లలచేత చదివించి నడిపిస్తున్నా రెండేళ్లుగా. తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని. కిటికీలదే మసకనుకుంటే కడిగిస్తే పోతుంది కదా. అందుకే నిన్ను మళ్లీ మళ్లీ పిలిచా.” చేతివేళ్లు చూసుకున్నారు. “నీ వేలు ఎలా ఉందే?”

చూపించాను. ఆ వంకరగోరు మీద ఆవిడ బొటనవేలితో నిమిరారు. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

తర్వాతి ఆదివారం కొత్త అద్దాలు తీసుకెళ్లాను. మూడు మార్చాక టీచరుగారు ఆపారు.

“ఆ చివరిది ఉంచు. సత్యవతిని రమ్మన్నా. దానికీ మొదలైంది, నాకు తెలుసు. బస్సు నెంబరు పక్కవాళ్లని అడుగుతోంది. ఎంత చెప్పినా ఒప్పుకోదు. ఇన్నాళ్లూ నాకు లోకం ఎలా కనబడిందో ఈ అద్దంలోంచి చూపిస్తే భయపడైనా ఆసుపత్రికి వస్తుంది.”

సత్యవతిగారు వచ్చారు. టీచరుగారు చెల్లెల్ని కిటికీ ముందు నిలబెట్టి, ఒకపక్క నేను అప్పుడే బిగించిన అద్దాన్నీ, ఇంకోపక్క పాడైనదాన్నీ చూపించారు.

“చూడు సత్యా. ఇటు చూడు, అటు చూడు.”

ఆవిడ ఇటు చూశారు, అటు చూశారు. అక్కవైపు తిరిగారు.

“ఏం చూడమంటావే? రెండూ ఒకలాగే ఉన్నాయిగా.”

టీచరుగారు నావైపు చూశారు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చెప్పాల్సింది నేనేనని అర్థమైంది.

“ఒకలా లేవండీ సత్యవతిగారూ. ఇది ఇందాకే బిగించిన కొత్తద్దం. అది యాసిడ్ తినేసింది, సున్నం కొట్టిన గోడలా ఉంది. మీకు తేడా తెలియడం లేదు.”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. సంచి భుజాన్నుంచి జారి కిందపడినా చూసుకోలేదు. చిన్నపిల్లలా అడిగారు.

“ఆ ఆపరేషన్ నొప్పి పెడుతుందా అక్కా?”